ఖాళీ అని రాసిన నేల

రాయపూర్,
10 ఫిబ్రవరి 2008.

మావయ్యకి మాలతి నమస్కారాలు.

అత్తకి వేరే కాగితం పెట్టడం లేదు. నువ్వు చదువుతుంటే పక్కనే కూర్చుని, “ఇంకేటి రాసింది? అంతేనా?” అని నీ మోచేతిని పొడుస్తూ ఉంటుందని నాకు తెలుసు. ఫోను కొనుక్కోమని ఈసారి పోరు పెట్టను. మొన్న ఎస్టీడీ బూత్‌లో నేను గొంతు చించుకుని అరిస్తే, నువ్వు తీరిగ్గా “ఆఁ, ఇక్కడా వానల్లేవు” అన్నావు. నేనడిగింది అత్త జ్వరం గురించి. క్వారీ పేలుళ్ళు నీ చెవుల్ని తినేసి కళ్ళు మాత్రం వదిలిపెట్టాయి కాబట్టి మనకి ఉత్తరాలే గతి.

ఉద్యోగం మారాను. పండ్రీ బజార్లో బట్టల కొట్ల పైన రెండో అంతస్తులో కొత్త ఆఫీసు. విదేశాల్లో ఎవరో తాతల నాటి కాగితాలన్నీ ఫొటోలు తీసి పంపుతారు, మేం వాటిని చూసి కంప్యూటర్లో కొడతాం. ఒకే పేజీ నాకూ, ప్రీతి అనే అమ్మాయికీ విడివిడిగా ఇస్తారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఇద్దరం కొట్టింది ఒకటే అయితే పాసు. సూపర్‌వైజరు హరీష్ రోజుకి పదిసార్లు అనే మాట ఒకటే, “జో దిఖే, వహీ టైప్ కరో.” కనిపించింది కొట్టు, అంతే. అర్థం చేసుకోవడానికి జీతం ఇవ్వరట.

కానీ మావయ్యా, అర్థం కాకుండా ఎలా ఉంటుంది? మాకిచ్చే ఒక్కో కట్ట ఫొటోల్ని ఇక్కడ పెట్టె అంటారు; నా పెట్టెలో ఉన్నవి ఎడ్విన్ మార్ష్ అనే దొర ఇంగ్లండులో ఉన్న తన అక్క హారియట్‌కి రాసిన ఉత్తరాలు, ఆవిడ జవాబులూ. దాదాపు నూట ఎనభై ఏళ్ళ కిందటివి. ఈ దొర గవర్నరూ కలెక్టరూ కాదు. సొంత ఊళ్ళో సెంటు భూమి లేక, పెళ్ళాన్నీ ఇద్దరు పనివాళ్ళనీ నాగలినీ ఓడలో వేసుకుని పడమటి ఆస్ట్రేలియాలో స్వాన్ నది ఒడ్డుకి వెళ్ళాడు. మన దేశానికి వచ్చిన దొరలు సంపాదించుకుని తిరిగి వెళ్దామని వచ్చారు కదా. వీళ్ళు అలా కాదు, ఇక అక్కడే ఉండిపోదామని వెళ్ళారు. వెంట ఎంత సామాను తెస్తే, ఎంతమంది పనివాళ్ళని తెస్తే దాన్నిబట్టి నేల కొలిచి ఇచ్చారట. వీళ్ళు దిగింది వానల్లో. ఇసుకలో డేరాలు, డేరాల పక్కన ఎవరిదో పియానో తడుస్తూ ఉందని రాశాడు. తపాలా ఖర్చు కలిసొస్తుందని కాగితం నిండా రాసి, దాన్ని పక్కకి తిప్పి, ఆ రాత మీదే అడ్డంగా ఇంకో ఉత్తరం రాశాడు మహానుభావుడు. అడ్డం రాత చదవాలంటే నా కళ్ళు పోతున్నాయి, అందుకే వాటిని చివరికి ఉంచుకున్నాను.

ఇక అసలు సంగతి. మీ దగ్గర ఇటుక బట్టీ పనికి వచ్చిన మా వైపు ఆడమనిషి అత్తతో తెగ పొగిడిందన్నావే, ఆరంగ్ అవతల భేలాడీహ్ అనే ఊరు, ఆదివారం అక్కడికి వెళ్ళాను. నాన్న స్నేహితుడి కొడుకు రాజేష్ ఇప్పుడు భూముల బ్రోకరు, అతనే బండి మీద తీసుకెళ్ళాడు. ఊరి చివర వాగు పక్కన నాలుగెకరాలు ఉంది. నల్లమట్టి. మా ఆఫీసు పద్ధతిలోనే చూసింది చూసినట్టు రాస్తున్నాను: పొలంలో కోసిన వరి మోళ్ళు ఉన్నాయి. గట్లు బాగున్నాయి. పొలం కొసన మట్టి ఇల్లు, తలుపు మీద మట్టి మెత్తి మూసేశారు. ఆ వరసలో ఇంకో నాలుగిళ్ళూ అంతే. ఎవరూ లేరు. ఖాళీ. యజమాని బిసాహు ఆరంగ్‌లో సైకిల్ షాపు పెట్టుకున్నాడు, తమ్ముడి కుటుంబం ఎటో వెళ్ళిపోయిందట, అమ్మేస్తానంటున్నాడు.

నాన్న పోయినప్పుడు మీరిద్దరూ నా కోసం నెల రోజులు ఇక్కడ ఉండిపోయారు. ఆ నెల్లోనే అక్కడ మీకు జరగాల్సింది జరిగిపోయింది. అది నేను మర్చిపోలేదు. నువ్వు ఊఁ అను మావయ్యా, మిగతాది నేను చూసుకుంటాను.

నీ
మాలతి


సీతమ్మపేట దారి,
24 ఫిబ్రవరి 2008.

చి. మాలతికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు మీ అత్త కోసం, ఒకసారి నా కోసం. “ఆ పియానో ఏటైపోనాదో రాయలేదేటి?” అని అన్నమ్మ అడగమంది. నాకు మాత్రం ఆ దొర నచ్చాడు. సెంటు భూమి లేనివాడు నాగలి మోసుకుని సముద్రం దాటాడు చూడు, మగాడంటే వాడు. నేను రైలు దాటడానికి జంకుతున్నాను.

ఆ నెల సంగతి నువ్వు పదేపదే ఎత్తకు. మీ నాన్న నాకు బావ, వెళ్ళకుండా ఎలా ఉంటాను? నీళ్ళలో మునిగే ఇళ్ళు రాసుకునే రిజర్వాయరు సర్వే వాడు సరిగ్గా అప్పుడే వచ్చాడు, అది మన రాత. వాడు మన గుమ్మం ముందు నిలబడి, తాళం చూసి, ‘నివాసం లేదు’ అని రాసుకుని వెళ్ళిపోయాడు. పక్కింటి బంగారమ్మ “ఆళ్ళు ఊరెల్లారు బాబూ, వొచ్చీత్తారు” అని వెనకాల పడితే, “నేను చూసిందే రాస్తానమ్మా” అన్నాడట. ఊరందరికీ ఇళ్ళ స్థలాలొచ్చాయి, మనకి రాలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగాయి గాని ఆ రెండు మాటలు ఎవరూ కొట్టెయ్యలేకపోయారు. ఇప్పుడు ఈ రేకుల షెడ్డులో అద్దెకి ఉన్నాం. పగలు లోపల కూర్చోలేను, బయట పనిలేదు. చెట్టు పీకేసిన గుంతలా ఉంది బతుకు. కాళ్ళు ఒకచోట నిలవడం లేదమ్మా.

నువ్వు రాసిన దాంట్లో నాకు బాగా పట్టింది వరి మోళ్ళు. మోళ్ళున్నాయంటే నేల పండుతోందన్నమాట. ఆ మట్టి గుప్పెడు పొట్లం కట్టి పంపు, వాసన చూసి చెప్తాను. గట్లు బాగున్నాయన్నావు, అదీ మంచిదే, నాకు ఒక ఎండాకాలం పని తప్పింది.

బట్టీ వాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ ఆడమనిషి రోజూ మన బోరు దగ్గరికి నీళ్ళకొస్తుంది, మూడేళ్ళుగా వస్తోంది కాబట్టి మన మాట బాగానే పట్టుకుంది. అన్నమ్మకి పొద్దుపోయేది దానితోనే. మా ఊరి వరి అన్నం తింటే కూర అక్కర్లేదంటుందట. మనం అక్కడ భూమి చూస్తున్నామని దానితో అనొద్దని మీ అత్తకి గట్టిగా చెప్పాను. తెలిస్తే ఊరంతా ధర పెంచేస్తారు.

దొర సంగతులు ఇంకా రాయి.

ఆశీర్వదించి,
నూకరాజు


రాయపూర్,
16 మార్చి 2008.

మావయ్యా,

మట్టి పొట్లం ఇందులోనే ఉంది, జాగ్రత్తగా విప్పు. పోస్టాఫీసులో అడిగితే పసుపు అని అబద్ధం చెప్పాను. నల్లటి పసుపు ఎక్కడుంటుందని గుమాస్తా అడగలేదు, బతికిపోయాను.

దొర కష్టాలు విను. తెచ్చిన విత్తనం మొదటి ఏడు కుళ్ళిపోయింది. గవర్నరు ఇచ్చిన నేలలో సగం ఇసుక. ఇంగ్లండులో నెల చూసి విత్తే మనిషి అక్కడా ఆ నెలకే విత్తాడు, అక్కడ కాలాలు తలకిందులని తెలియక. పిండి అయిపోయి నెలన్నర చేపలతో గడిపారు. రెండో ఏడు నదికి ఇంకా పైకి వెళ్ళి మెత్తటి నేల చూసుకున్నాడు. అక్కడ ఆకులూ బెరడూ కప్పిన చిన్న గుడిసెలున్నాయి, పొయ్యిలు చల్లారి ఉన్నాయి, మనుషుల్లేరు. ‘దేవుడు మన కోసమే ఖాళీగా ఉంచిన చోటు’ అని అక్కకి రాశాడు. ఒక్కటే ఇబ్బంది, ఆ నేల నిండా మోకాలి లోతు గుంతలు, వందల కొద్దీ. గుర్రం కాలు ఒకదాంట్లో పడి విరిగింది. ఏ జంతువు తవ్విందో తెలియదు, పూడ్చడానికే నెల పట్టిందని విసుక్కున్నాడు.

ఆ తర్వాత ఉత్తరాల్లో అన్నీ పెరగడమే. మరో మూడు ఓడలు, గొర్రెల మంద, ఊళ్ళో రెండు వీధులు, వీధులకి లండన్లో ఉన్న పెద్దమనుషుల పేర్లు, ఒక చర్చి, చర్చి కన్నా ముందే జైలు. మొదట్లో ఉత్తరానికో కన్నీటి చుక్క ఉండేది, ఇప్పుడు ఉత్తరానికో కంచె ఉంటోంది. నేను బస్సులో వెళ్తూ ఇక్కడ కొత్త రాజధాని కడతామని పొలాల్లో మైళ్ళ తరబడి పాతిన గుర్తు రాళ్ళు చూస్తుంటే దొర గుర్తొస్తున్నాడు.

మొన్న మళ్ళీ భేలాడీహ్ వెళ్ళాను. బిసాహు కూడా వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు, కానీ పొలంలోకి దిగలేదు, గట్టు మీదే నిలబడి బీడీ కాల్చాడు. మూసేసిన ఆ ఇంటి తలుపు మీద, మెత్తిన మట్టిలో బియ్యప్పిండితో వేసిన చేతి ముద్ర ఉంది. ముచ్చటగా ఉంది గాని ఒక వేలి దగ్గర సగం పిండి రాలిపోయింది. ఎవరు వేశారంటే రాజేష్ నవ్వేసి, “ఏదో పండక్కి వేసుంటారు దీదీ, ఇక్కడివాళ్ళకి అదో సరదా” అన్నాడు.

నువ్వొకసారి వచ్చి చూసుకుంటే బాగుంటుంది. అమ్మ లేదు, నాన్న లేడు, ఆదివారం వస్తే ఈ ఊళ్ళో తెలుగులో నన్ను తిట్టే మనిషి లేదు. అత్తని తొందరగా తీసుకురా.

మాలతి


సీతమ్మపేట దారి,
3 ఏప్రిల్ 2008.

చి. మాలతికి,

మట్టి వాసన చూశాను. నాలుక మీద కూడా వేసుకున్నాను. అన్నమ్మ “మనిసివేనా?” అంది. బంగారం లాంటి మట్టి. కొనేద్దాం.

వచ్చి చూడమన్నావు. నేను చూసి వెళ్ళిన చోట్లన్నీ చెడ్డాయి, ఈసారి చూడకుండా వస్తాను. నీ కళ్ళే నా కళ్ళు. మునిగిన పొలానికి ఇచ్చిన రిజర్వాయరు డబ్బు బ్యాంకులో మూలుగుతోంది, దాన్ని ముట్టుకోవాలంటేనే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు దానికో దారి దొరికింది. మట్టి పొట్లంతో నువ్వు పెట్టిన ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టి, బయానా డబ్బుతో పాటు పంపుతున్నాను.

దొర కథలో నాకు అర్థమైంది ఒకటుంది. వాడు ఇల్లు ముందు కట్టాడు, విత్తనం ముందు చల్లాడు, కంచె ఆఖర్న వేశాడు. అదీ వాడు చేసిన తప్పు. కొత్తచోటికి వెళ్ళేవాడు కంచె ముందు వెయ్యాలి. మన హద్దు ఇదీ అని నలుగురికీ కనపడాలి. మన ఇంటికి కంచె ఉండి ఉంటే ఆ సర్వే వాడు కనీసం తలుపు తట్టేవాడేమో. అందుకని పార్వతీపురం నుంచి రైలు పార్సిల్లో ముళ్ళతీగ చుట్టలు ఆరు పంపుతున్నాను. నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వుకో. రాయపూర్‌లో దొరకదా అని అన్నమ్మ కూడా అంది. దొరుకుతుంది గాని ఇది నా చేత్తో ఏరినది. మే నెలాఖరులోగా, వాన పడకముందే రాజేష్ చేత వేయించు. ఒక్క అడుగు కూడా వదలొద్దు.

షెడ్డు వాడికి జూన్ దాకానే అని చెప్పేశాను. మీ అత్త రోలు గోనెసంచిలో కట్టించింది. రోలు ఇప్పుడే కట్టేస్తే పచ్చడెలాగ అంటే, “రెండు నెల్లు తినకపోతే సస్తావేటి?” అంటోంది. దాని ఆత్రం నా ఆత్రం కన్నా ఎక్కువ.

నూకరాజు


రాయపూర్,
21 మే 2008.

మావయ్యకి,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. నీ తీగ చుట్టలు రాయపూర్ పార్సిల్ ఆఫీసులో పదకొండు రోజులు కూర్చున్నాయి. ఇంటి సామాను అని నువ్వు రాయించావు, వాళ్ళు విప్పి చూసి ఇదేం ఇల్లమ్మా అన్నారు.

కంచె అయిపోయింది. నువ్వు ఒక్క అడుగు కూడా వదలొద్దన్నావని చెప్తే, రాజేష్ పొలం కొసన ఉన్న ఆ మట్టి ఇంటిని కూడా లోపలికే కలిపేశాడు. ఇల్లు మన కాగితంలో లేదు కదా అన్నాను. “ఎవరిదీ కాదు దీదీ, పడిపోయేదే, గొడ్ల పాకకి పనికొస్తుంది” అన్నాడు. నేను ఊరుకున్నాను. ఊరుకున్నానని నీకు రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

ఎందుకో చెప్తాను. పోయిన వారం పెట్టెలో హారియట్ జవాబు ఒకటి వచ్చింది. ఎప్పుడూ చలి, వంటలు, చుట్టాల పెళ్ళిళ్ళు రాసే మనిషి. ఆ ఉత్తరంలో మాత్రం చివర ఒక్క ముక్క అడిగింది. ‘తమ్ముడూ, ఆ చోటు ఖాళీగా ఉందని రాశావు. మరి ఆ గుంతలు ఎవరు తవ్వారు?’

నేను కొట్టేశాను. ప్రీతి కూడా కొట్టేసింది. ఇద్దరిదీ ఒకటే వచ్చింది, పాసు. తర్వాత నీళ్ళు తాగడానికి లేచి, మళ్ళీ వచ్చి కూర్చోలేకపోయాను.

దొర అడ్డంగా రాసిన రాతల్లోకి ఇప్పుడు దిగాను. అందులో ఉంది జవాబు. అక్కడి జనం వానాకాలం లోపలి ఎత్తు నేలలకి వెళ్ళి, ఎండలొచ్చాక నది ఒడ్డుకి తిరిగొస్తారట. ఆ గుంతలు ఆడవాళ్ళు ఏటేటా దుంపలు తవ్వుకునేవి. తవ్వినచోట మళ్ళీ దుంప ఊరాలని కొంత వదిలి, మట్టి గుల్ల చేసి వెళ్ళేవారట. వాళ్ళు తిరిగొచ్చేసరికి గుంతలు పూడిపోయి ఉన్నాయి, గోధుమలు మొలిచి ఉన్నాయి, చుట్టూ కంచె ఉంది. ‘కంచె అవతల నిలబడి చూస్తున్నారు, ఏమీ అనడం లేదు, వెళ్ళడం కూడా లేదు’ అని రాశాడు. ఆ తర్వాత సిపాయిలు వచ్చారు. అక్కడ కాగితం మడత దగ్గర చిరిగింది. తర్వాతి ఉత్తరం గొర్రెల ధర గురించి.

మావయ్యా, ఆ వరి మోళ్ళ గురించి నాకు భయంగా ఉంది. భేలాడీహ్ వెళ్ళి ఎవరినైనా అడగాలి. కానీ ఊళ్ళో మిగిలినవాళ్ళు ముసలివాళ్ళు, నన్ను చూస్తే లోపలికి పోతున్నారు. అడిగితే ఏం చెప్తారోనని నేనూ గట్టిగా అడగడం లేదు. అబద్ధం ఎందుకు, మీరు రావాలని నాకు అంత ఆశగా ఉంది. ఇది చదివి వెంటనే రాయి.

మాలతి


సీతమ్మపేట దారి,
4 జూన్ 2008.

చి. మాలతికి మావయ్య ఆశీస్సులు.

కంచె అయిపోయిందన్న మాట చదివి అన్నమ్మ బెల్లం ముక్క నోట్లో పెట్టింది. నీ భయాలు చదివి నేను నవ్వుకున్నాను. దొరల పాపాలు కొట్టి కొట్టి నీకు కంటినిండా నిద్ర లేదు. దొర ఎక్కడ, నేనెక్కడ? వాడు తుపాకీతో వెళ్ళాడు, నేను రోలుతో వస్తున్నాను.

ఒక మంచి సంగతి. బట్టీ మూసేశారు. తొలకరి పడేలోగా చేరాలని వాళ్ళంతా నిన్న రైలెక్కారు. వెళ్ళేముందు ఆ ఫుల్‌బాసన్, అదే, నీళ్ళకొచ్చే మనిషి, అత్త దగ్గరికి వచ్చి, మళ్ళీ ఏడు తీసుకుంటానని తన అల్యూమినియం గిన్నె దాచమని ఇచ్చింది. ఇంకా దాపరికం ఎందుకని, మీ ఊళ్ళోనే నాలుగెకరాలు తీసుకున్నాం, బిసాహు పొలం, వాగు పక్కది, మీకు పొరుగువాళ్ళం అవుతాం అని చెప్పాను.

ఆవిడ తట్ట దించి ఏదో అంది. నీకు తెలుసుగా నా చెవులు, అందులోనూ లారీ హారన్ కొడుతున్నాడు. అన్నమ్మ బోరు దగ్గర ఉంది. మళ్ళీ ఏదో అని, నా ముఖం ముందు అరచెయ్యి ఎత్తి చూపించింది. ఎడమ చెయ్యి, ఉంగరం వేలు సగమే ఉంటుంది పాపం, చిన్నప్పుడెప్పుడో గడ్డి కత్తికి పోయిందట. దీవిస్తోందనుకుని నేనూ నవ్వి చెయ్యెత్తాను. వాళ్ళాయన ఆవిడ భుజం పట్టుకుని లారీ ఎక్కించాడు.

పొరుగున తెలిసిన మనిషి ఉంటే సగం బలం. ఇరవయ్యో తేదీ పాసింజరుకి బయల్దేరతాం. స్టేషనుకి రా.

నూకరాజు


రాయపూర్,
12 జూన్ 2008.

మావయ్యా,

టికెట్టు కొని ఉంటే రద్దు చేయించు.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. వేలు సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఆ ముక్క మళ్ళీ మొదటినుంచి చదివాను. తలుపు మీద పిండి రాలిపోలేదు. ఆ వేలే అంత.

మర్నాడు సెలవు పెట్టి బస్సులో వెళ్ళాను. అప్పటికే చినుకులు మొదలయ్యాయి. కంచె బయట ఆవిడా, వాళ్ళాయనా, ఇద్దరు పిల్లలూ మూటల మీద కూర్చుని ఉన్నారు. ఐదు రోజులుగా అక్కడే ఉన్నారట, చెట్టు కింద వండుకుంటున్నారు. గొడవ పెట్టలేదు. కంచె తెంపలేదు. నన్ను చూసి ఎవరో ఆఫీసు మనిషి అనుకుని ఫుల్‌బాసన్ లేచి నిలబడి కొంగు తల మీదికి లాక్కుంది. “మోర్ బిజహా భీతర్ మా హే దీదీ, నికాల్ లౌ కా?” అంది. నా విత్తనాలు లోపల ఉన్నాయి, తీసుకోనా అని.

తన ఇంట్లోకి వెళ్ళి తన విత్తనాలు తెచ్చుకోవడానికి నన్ను సెలవడిగింది మావయ్యా.

కత్తెర లేదు, ఏమీ లేదు. నేను కింది తీగని రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నాను. ఆవిడ దాని కింద నుంచి పాక్కుంటూ వెళ్ళింది. తలుపు మీద మట్టి గోళ్ళతో గీకింది. ఆ ముద్ర పక్కనే ఆవిడ చెయ్యి ఆనింది, రెండూ ఒకటే. లోపల మట్టి గాదె నిండా విత్తనపు వడ్లు. వెళ్ళిపోయేవాళ్ళు విత్తనం దాచుకుంటారా? ఏటా కోతలయ్యాక తలుపు మెత్తి, మళ్ళీ వస్తామని చెయ్యి వేసి వెళ్తారట. బిసాహు ఆవిడ బావగారు. కాగితంలో పెద్దవాడి పేరు ఒక్కటే ఉంది. వేరే బట్టీలకి వెళ్ళిన మిగతా నాలుగిళ్ళవాళ్ళూ ఇంకా దారిలో ఉన్నారు.

నేను నీ మేనకోడలినని చెప్పాను. చెప్పకపోతే సరిపోయేదని ఆ క్షణంలో అనిపించింది. ఆవిడ నా వైపు తిరిగి, తెలుగులో, అచ్చం మీ ఊరి తెలుగులో అంది, “బాబుకి సెప్పినాను, అది మాదే బాబూ అని. రెండు పాల్లు సెప్పినాను. నవ్వీసినాడు.”

ఖాళీ అని మొదట రాసింది నేను. చూసిందే రాశాను అని చెప్పుకోవడానికి కూడా నాకు నోరు రావడం లేదు. మన గుమ్మం ముందు నిలబడిన సర్వే వాడూ అంతే కదా అన్నాడు. నీకు ఇల్లు లేకుండా చేసింది నా ఇంటి చావు, ఇప్పుడు ఆ బాకీ తీర్చుకోబోయి ఇంకొకరి గుమ్మం మూసేశాను. ఏం చెయ్యమంటావో చెప్పు. నాకు సిగ్గుగా ఉంది, ఏడుపొస్తోంది, మీరు రారేమోనని దిగులుగా కూడా ఉంది.

మాలతి


సీతమ్మపేట దారి,
19 జూన్ 2008.

అమ్మా మాలతీ,

ఈ ఉత్తరం అన్నమ్మకి చదివి వినిపించడానికి మధ్యలో రెండుసార్లు ఆగాను. మొత్తం విన్నాక అది లేచి వెళ్ళి రోలు గోనెసంచి విప్పేసింది.

నువ్వొక్కదానివే మొయ్యకు. నువ్వు చూసింది రాశావు, చదివింది నేను. నేను రైతుని. మోళ్ళున్నాయని చదివి నేల పండుతుందనుకున్నాను గాని, కోసినదెవరని అడగలేదు. గట్లు బాగున్నాయంటే నాకు పని తప్పిందనుకున్నాను. ఎవరి పని నాకు తప్పిందో తట్టలేదు. నీ దొర అక్కకి తట్టింది, ఆరు నెలల ప్రయాణం దూరంలో కూర్చుని. ఆ మనిషి నా ముందు నిలబడి రెండుసార్లు చెప్తే నేను చెయ్యూపాను. చెవులది తప్పని పదిమందికీ చెప్పుకోవచ్చు. చెవిటివాడికి ముఖం కనపడుతుందిగా. ఆ రోజు ఆవిడ ముఖంలో దీవెన లేదమ్మా, నాకు తెలుసు. నాకు అప్పుడే తెలుసు. ఒప్పుకోవడానికి ఇన్ని రోజులు పట్టింది.

సర్వే వాడు వెళ్ళిపోయాక ఆ ఏడు మన దొడ్లో వంకాయలు కాశాయి. రిజర్వాయరు వాళ్ళు పెట్టిన కాపలావాడిని అడిగి కోసుకున్నాను. నేను పెట్టిన మొక్కలు. అడిగినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం. అలాంటి కోపం ఇంకొకరికి నేను పెట్టాను.

చెప్పింది చెయ్యి. కంచె మొత్తం తీయించు, స్తంభాలతో సహా. రాజేష్ ఏమన్నా వినకు. ఒప్పందం రద్దని బిసాహుకి నా పేరుతో రాసి ఇవ్వు, ఇచ్చిన బయానా తిరిగిస్తే ఇస్తాడు, లేకపోతే లేదు. కాగితంలో తమ్ముడి పేరు కూడా ఎక్కించేదాకా వాళ్ళతో పాటు నువ్వు భూమి లెక్కలు రాసే పట్వారీ దగ్గరికి తిరుగు. నీకు రాతకోతలు వచ్చు, ఎక్కడ ఏం రాస్తే ఏమవుతుందో ఇప్పుడు ఇంకా బాగా వచ్చు.

షెడ్డు వేరేవాళ్ళకి మాట ఇచ్చేశాడు, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఎక్కడికో తెలియదు. దాని గురించి నువ్వు దిగులు పడకు. నాకు దిగులు లేదని అనడం లేదు.

ఒక్కటి అడుగుతున్నాను. ఆవిడ గిన్నె మా దగ్గరే ఉంది. అది పట్టుకుని ఒకసారి వస్తాను. ఉండిపోవడానికి కాదు. నాట్లు వేసే రోజుల్లో ఒక మనిషి ఎక్కువైతే పనికొస్తాడు కదా, నా నడుం ఇంకా వంగుతుంది. కానీ ఊరికే వచ్చెయ్యను. నువ్వు వెళ్ళి ఆవిడని అడిగి రాయి. ఏమందో ఒక్క ముక్క కూడా కలపకుండా, తీసెయ్యకుండా రాయి. ఆవిడ రమ్మంటేనే వస్తాను.

మావయ్య


రాయపూర్,
29 జూన్ 2008.

మావయ్యా,

కార్డు మీదే రాస్తున్నాను, త్వరగా చేరాలని.

కంచె తీసేశాం. ఫుల్‌బాసన్, వాళ్ళాయన, నేను, మూడు రోజులు పట్టింది. నా అరచేతుల నిండా గీతలు పడ్డాయి, టైపింగు నెమ్మదిగా సాగుతోంది. తీగ చుట్టలు నా గదిలో మంచం కింద ఉన్నాయి. పట్వారీ వచ్చే వారం రమ్మన్నాడు, వెళ్తాం.

నువ్వు అడగమన్నది అడిగాను. ఆవిడ విత్తనం చల్లుతోంది, ఆపలేదు. గట్టు చివరిదాకా వెళ్ళి, మళ్ళీ నా దాకా వచ్చి చెప్పింది. ఒక్క ముక్క కూడా కలపడం లేదు: “ఇప్పుడు సెప్పనేను. నాట్లు అవనీ. అందాకా గిన్ని అక్కడే ఉండనీ.”

మాలతి